ఎన్నొచ్చినాయని అడిగితే తప్పేంటి?

పదో తరగతి ఫలితాలకు ముందురోజు రాత్రి ఒకే మెసేజ్ అపార్ట్‌మెంటు గ్రూపు, ఆఫీసు గ్రూపు, అక్కచెల్లెళ్ల గ్రూపు, చివరికి మా వదిన నడిపే భజన గ్రూపులోంచి కూడా వచ్చి నా ఫోనులో పడింది. రేపు ఎవరూ పిల్లల్ని మార్కులు అడగొద్దు, ఫోన్లు చేసి విసిగించొద్దు, వాళ్ల మనసు నొప్పించొద్దు అని దాని సారాంశం. కింద దండాలు, గులాబీలు. చూసినవాళ్లంతా బొటనవేలు గుర్తు పెట్టారు. నేను పెట్టలేదు.

ఆ మెసేజ్ రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. పిల్లల్ని మార్కులతో పీక్కుతినే చుట్టాలు ఎలా ఉంటారో మనకు తెలియంది కాదు. పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్న పిల్లను పట్టుకుని, అన్నం కలుపుతూ కలుపుతూ "మ్యాథ్స్‌లో ఎన్ని?" అని అడిగే పెద్దమనుషులు మా ఇంటా ఉన్నారు. కానీ ఈ మధ్య చుట్టుపక్కల జరుగుతున్నవి చూస్తుంటే, అడగడం మానేసినందువల్ల పిల్లలకు ఊరట దక్కుతోందని నాకు అనిపించడం లేదు. ఎక్కువ వచ్చినవాళ్లను ఎవరూ అడగక్కర్లేదు. పదిన్నరకల్లా వాళ్ల ఫొటో, దాని చుట్టూ పూలదండ, కింద 600కి ఎన్నో, అన్నీ స్టేటస్‌లో ఉంటాయి. అడగొద్దన్న మర్యాద వర్తించేదల్లా తక్కువ వచ్చినవాళ్లకే. అంటే, మీకొచ్చినవి అడగదగ్గవి కావని ఊరంతా కూడబలుక్కుని చెప్పినట్టు. ఫెయిలైనవాళ్ల సంగతి తర్వాత మాట్లాడతాను. నేను ముందు చెబుతున్నది పాసైనవాళ్ల గురించి.

ఉగాది, రంజాన్, సోషల్

మా కింద పోర్షన్‌లో ఒక ముస్లిం కుటుంబం ఉంటుంది. వాళ్లమ్మాయిది 2025లో పది. మార్చి 17న పరీక్షలు మొదలయ్యేసరికే రంజాన్ నెల సగం గడిచిపోయింది. తెల్లవారుజామున సహరీకి ఇల్లంతా లేచినప్పుడే ఆ పిల్లా లేచి, తిని, నమాజు చేసుకుని, అట్లే పుస్తకం ముందు కూర్చునేది. మా కడప మార్చి ఎండ సంగతి చెప్పాలా! నోట్లో నీళ్లయినా పోసుకోకుండా సెంటరుకు పోయి రాసి వచ్చేది. "పరీక్షలున్న రోజులు వదిలేయొచ్చులే, తర్వాత ఉండు" అని వాళ్ల నాన్నే అన్నాడు. ఆ పిల్ల వినలేదు.

ఆ ఏడాది క్యాలెండరు కూడా విచిత్రంగా పడింది. మార్చి 30న ఉగాది, 31న రంజాన్, ఏప్రిల్ 1న సోషల్ పరీక్ష. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వెళ్లే ఆనవాయితీ మా ఊరివాళ్లకు కొత్త కాదు. ఆ అమ్మాయి వాళ్ల నానీ వెళ్లింది, వెళ్లేటప్పుడు మనవరాలి హాల్‌టికెట్ జిరాక్స్ కాపీ ఒకటి మడిచి కొంగున కట్టుకుంది. స్వామి దగ్గర పెట్టించి తెచ్చిన ఆ కాగితం మీద కుంకుమ మరక, మడతలో ఒక తులసాకు. మర్నాడు పండగ పూట మాకు షీర్‌ఖుర్మా గిన్నె తెచ్చిచ్చిన పిల్ల చంకలో సోషల్ గైడు ఉంది. "ఆంటీ, గిన్నె తర్వాత తీసుకుంటా" అని రెండేసి మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 23న, పదిగంటలకు ఫలితాలన్నారు. మా వైఫై నయమని వాళ్లందరూ మా హాల్లోనే కూర్చున్నారు. ఎదురుచూడటంలో ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో తీరు. వాళ్లమ్మ చేతిలో తస్బీ ఆగకుండా తిరుగుతోంది. వాళ్లన్న ఒక ఫోనులో వాట్సాప్‌కు హాల్‌టికెట్ నంబరు పంపి, ఇంకో ఫోనులో వెబ్‌సైటు తెరిచి, రెంటినీ మార్చిమార్చి చూస్తున్నాడు. మేం భాయ్ అని పిలిచే వాళ్ల నాన్న మాత్రం లోపల ఉండలేక చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలో తిరుగుతున్నాడు. ఎవరి పరీక్షో ఆ పిల్ల ఒక్కతే కదలకుండా కూర్చుని మా టీవీ రిమోట్ వెనక మూత తీసి, పెట్టి, మళ్లీ తీస్తోంది.

మొదట రెండు సార్లు సర్వర్ బిజీ అంది. మూడోసారికి వచ్చింది. 398. అన్ని సబ్జెక్టులూ పాస్.

వాళ్లమ్మ కూతుర్ని దగ్గరకు తీసుకుని ఏడ్చేసింది. నానీ తన భాషలో ఏదో గట్టిగా అంది, అందరూ నవ్వారు. ఆ నవ్వు వయసు ఐదు నిమిషాలు. అంతలో స్కూలు గ్రూపులో టాపర్ల జాబితా దిగింది. ప్రతి ఫొటో పక్కన కిరీటం బొమ్మ. జాబితా 590లలో మొదలై 550 దగ్గర ఆగిపోయింది. భాయ్ వరండాలోంచి వచ్చి ఆ జాబితాను కిందికీ పైకీ జరిపి చూశాడు. కూతురి పేరు అందులో ఉండదని ఆయనకు తెలుసు. అయినా చూశాడు. తర్వాత కొడుకుతో, "స్వీట్లు వద్దులే ఇప్పుడు. ఇస్తే ఎన్నని అడుగుతారు" అన్నాడు.

ఎవరూ అడగలేదు. మెసేజ్ అంత బాగా పనిచేసింది. అపార్ట్‌మెంటులో పదో తరగతి పిల్ల ఉందని అందరికీ తెలుసు, ఆరోజు ఫలితాలనీ తెలుసు. మెట్లమీద ఎదురుపడ్డవాళ్లు కూడా ఎండల గురించి మాట్లాడి వెళ్లారు. సాయంత్రం గిన్నె తీసుకెళ్దామని పైకొచ్చిన ఆ పిల్ల, "ఒక్కరూ అడగలేదు చూడండి ఆంటీ" అంది. సంతోషంగా అందేమో అనుకున్నా. "నేను ఫెయిలైనానని అనుకున్నారేమో" అంది తర్వాత.

నా వాదన అక్కడ మొదలైంది. పదో తరగతిలో 360 దాటితే ఫస్ట్ క్లాస్. ప్రభుత్వం ఇచ్చే లెక్కే అది. నెలంతా ఉపవాసాలుండి రాసి ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల, తాను ఫెయిలైందని నలుగురూ అనుకుంటున్నారేమోనని బాధపడుతోంది. ఆ పిల్ల మనసును కాపాడటానికే కదా మనమంతా నోరు కట్టుకున్నది?

కోవా ముందు, మార్కులు తర్వాత

నేను పది పాసైంది 1998లో. మాది రాయచోటి దగ్గర పల్లె. మా నాన్న రాయచోటిలో బట్టలకొట్లో గుమాస్తా. కొట్టు పనిమీద కడపకు వచ్చినాయన, మర్నాడు రిజల్ట్స్ పేపర్లో వేస్తారని తెలిసి రాత్రికి తెలిసినవాళ్లింట్లో ఉండిపోయి, తెల్లవారకముందే బస్టాండుకు పోయి పేపరు కొన్నాడు. పేజీల నిండా చీమల బారుల్లా అంకెలు. ఫస్ట్ క్లాసు కింద కొన్ని, సెకండు కింద కొన్ని, థర్డు కింద కొన్ని. ఆయన మొదట థర్డు క్లాసు నంబర్లు చూశాడట. నామీద ఆయనకున్న నమ్మకం అంత! అక్కడ లేకపోయేసరికి గుండె జారిపోయి, కాసేపు పేపరు మూసేసి టీ తాగి, మళ్లీ తెరిస్తే సెకండు క్లాసులో కనిపించాను.

కడప నుంచి రాయచోటి పోయే బస్సు గువ్వలచెరువు దగ్గర ఆగుతుంది కదా. అక్కడ దిగి పాలకోవా కట్టించుకున్నాడు. ఇంటికొచ్చి, "పాసైందమ్మా" అన్నాడు. అంతే చెప్పాడు. మా జేజి అందులో ఒక ముక్క దేవుడి పటం ముందు పెట్టి, మిగిలింది తామరాకుల్లో చిన్నచిన్న పొట్లాలు కట్టి వీధంతా పంపింది. తిన్నవాళ్లందరూ "ఎవురు పాసైనారు?" అనే అడిగారు. ఎన్నని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎన్నో మాకే తెలియదు. మార్కుల మెమో చాలా రోజుల తర్వాత బడికి వచ్చింది. అప్పటికి కోవా అరిగిపోయి నెల దాటింది.

పాత రోజులు బంగారమని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. అదే పేపర్లో నంబరు కనపడని పిల్లలు మా బడిలో సగంమంది ఉన్నారు. వాళ్లలో ఆడపిల్లలకు ఆ ఎండాకాలమే సంబంధాలు చూశారు. నేను చెప్పేది వరస గురించే. అప్పట్లో పాసైన సంగతి ముందొచ్చేది, దానికి పండగ జరిగేది, మార్కులు వెనక తీరిగ్గా వచ్చేవి. ఇప్పుడు రెండూ ఒకే తెరమీద ఒకేసారి వస్తున్నాయి. కంటికి ముందు ఆనేది మార్కులే. వాటి పక్కన పాస్ అన్న రెండక్షరాలు ఎవరికి కావాలి? పండగ మార్కులకు అంటుకుంది. మార్కులు చాలకపోతే పండగ రద్దు.

పాసుకు విలువ తగ్గిందెప్పుడు

మార్కులు దాచేస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా అనొచ్చు. దాచి చూశాం. 2012 నుంచి కొన్నేళ్లపాటు పదిలో మార్కుల బదులు గ్రేడ్లే ఇచ్చారు. ఏమైంది? 600 పోయి 10 వచ్చింది. పదికి పది రానివాడు తొమ్మిదిన్నర వచ్చినా మొహం వేలాడేసుకున్నాడు. స్కూళ్ల ఫ్లెక్సీల మీద "10/10 ఇంతమంది" అని వచ్చింది. పైగా ఆ రోజుల్లో పాసవడం అంత కష్టంగా కూడా లేదు. 2019లో రాష్ట్రంలో పాసైనవాళ్లు 94.88 శాతం. అందరూ పాసయ్యే చోట పాసైనందుకు పొట్లాలు ఎవరు కడతారు? పాసుకు విలువ పోయింది అప్పుడేననుకుంటాను.

తర్వాత కరోనా. 2020లో, 2021లో పరీక్షలే లేవు, అందరూ పాస్. మా పెద్దక్క కొడుకు ఆ బ్యాచే. వాడి ఫలితం వచ్చిన రోజు ఇంట్లో కనీసం పాయసం కూడా కాయలేదు. వాడే, "రాయని పరీక్షకు స్వీటేంది పిన్నమ్మా" అన్నాడు. నా వాదనకు వాడి మాట కొంచెం అడ్డే. ఏ ఫలితానికైనా తీపి పంచండి అని నేను తేలిగ్గా అనేస్తే, పరీక్ష లేని పాసుకూ పంచాలి మరి. పంచబుద్ధి కాలేదు. తప్పే అవకాశం ఉన్నచోట తప్పకుండా గట్టెక్కితేనే మనిషికి పండగ చేసుకోబుద్ధవుతుంది.

2022లో ఆ అవకాశం తిరిగొచ్చింది. ఆ ఏడాది జూన్ 4న ఫలితాలన్నారు. శనివారం పొద్దున జనం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాక, సోమవారానికి వాయిదా అన్నారు. ఆ రెండు రోజులూ పిల్లలున్న ఇళ్లల్లో ముద్ద దిగలేదు. 6న వచ్చాయి. 67.26 శాతం. మూడేళ్ల కిందట వందలో ఐదారుగురు తప్పిన పరీక్షలో ఈసారి ముగ్గురిలో ఒకరు తప్పారు. మన పక్కనున్న అనంతపురం జిల్లాలోనైతే 49.70, రాష్ట్రంలో ఆఖరు. ఆ మరుసటేడు ఆఖరు నంద్యాల, 60.39. ఆ పైయేడు కర్నూలు, 62.47. మూడేళ్లు వరసగా చివరి బెంచీ మన సీమదే. కర్నూలు జిల్లా కోసిగి, పెద్దకడుబూరు వైపు ఊళ్లకు ఊళ్లే సుగ్గికి, అంటే కూలిపనికి, వలసపోతే పిల్లలు బడిలో ఎట్లా ఉంటారు, ఉన్నా ఎట్లా పాసవుతారు అన్నది మళ్లీ ఇంకో వ్యాసమంత సంగతి.

2025లో రాష్ట్రంలో 81.14 శాతం. అంటే అప్పటికీ ఐదుగురిలో ఒకరు తప్పారు. పాసు మళ్లీ బరువైన సంగతైంది. మన అలవాట్లు మాత్రం పదికి పది రోజుల దగ్గరే ఆగిపోయాయి. సగంమంది తప్పిన జిల్లాలో పాసైన పిల్లాడి తల్లి కూడా, "ఏదో లేమ్మా, పాసైనాడు" అని తల దించుకుని చెప్పడం నేను చూశాను. తప్పిన సగాన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు. ఆమె చూస్తున్నది కూడలిలో కట్టిన ఫ్లెక్సీ వైపు.

ఫ్లెక్సీ అంటే గుర్తొచ్చింది. ర్యాంకులతో ప్రకటనలు ఇవ్వకూడదని 2022లో ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. పరీక్షల అక్రమాల మీద 1997లో చేసిన చట్టం కింద జైలు కూడా ఉంటుందంది. ఫలితాలొచ్చిన వారంలో మా కడపలో కోటిరెడ్డి సర్కిల్ నుంచి ఏడురోడ్ల వరకు ఒకసారి నడిచి చూడండి, ఆ ఆదేశం ఎంత బాగా అమలవుతోందో తెలుస్తుంది. ఆ ఫొటోల్లో నవ్వుతున్న పిల్లల మీద నాకేం కోపం లేదు. ఆ ఎండలో వాళ్లను దండలేసి జీపెక్కించి, డప్పులతో ఊరేగించేవాళ్లకు తర్వాతి ఏడాది అడ్మిషన్లు కావాలి. అది వ్యాపారం. అందులోకి మనింటి పండగను కలిపేసుకున్నది మాత్రం మనమే.

మార్కులు ఊరికే కావు

ఇక్కడ నన్ను నిలదీసే మనిషి ఒకరున్నారు. మా ఆఫీసులో పనిచేసే ఆమె. వాళ్ల తమ్ముడు లారీలకు బస్తాలెత్తే హమాలీ. అతని కూతురు ప్రభుత్వ బడిలో చదివి 560 పైన తెచ్చుకుంది. ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు, డప్పులు పెట్టారు, బిర్యానీ పెట్టారు. నేను ఈ విషయాలన్నీ మాట్లాడుతుంటే, "మార్కులు ముఖ్యం కాదని మీరనొచ్చు మేడం. మా పాపకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు మార్కులతోనే కదా వచ్చేది" అంది.

ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. ట్రిపుల్ ఐటీలో సీట్లు పది మార్కులను బట్టే ఇస్తారు. ప్రభుత్వ బడి పిల్లలకు నాలుగు శాతం కలిపి చూస్తారు కూడా. పరీక్షలు లేని రెండేళ్లలో వేరుగా ఎంట్రన్స్ పెట్టాల్సి వచ్చిందంటే ఆ మార్కుల మీద ఎంత ఆధారపడ్డారో చూడండి. పల్లెలో ఒక హమాలీ కూతురికి ఆరేళ్ల చదువు దారి ఒక్క మెమోతో తెరుచుకుంటుంటే, డప్పులు కొట్టకుండా ఎట్లా ఉంటారు? ఆ ఫ్లెక్సీ చూసి పక్కింటి ఆడపిల్లను ఇంకో రెండేళ్లు చదివిస్తారంటే, నేనే ఇంకో ఫ్లెక్సీకి డబ్బులిస్తాను.

కాబట్టి ఎక్కువ తెచ్చుకున్నవాళ్ల పండగను తగ్గించమని నేననడం లేదు. వాళ్ల పండగ వాళ్లది. 398 తెచ్చుకున్న ఇంటికి పండగ లేకుండా పోవడమే నాకు నచ్చనిది. అవతల కేకు కోస్తే ఇవతల కోవా ఎందుకు చేదవుతుంది? మొన్న ఒకాయన, "అట్లా అందర్నీ మెచ్చుకుంటా పోతే పిల్లలకు పౌరుషం రాదు" అన్నాడు. ఆయన కొడుక్కి 560 దాటితే ఫోను కొనిస్తానని చెప్పాడట, 552 వచ్చాయట, ఫోను లేదు. ఆ పిల్లాడికి వచ్చింది పౌరుషమో ఇంకేదో ఆయనే చెప్పాలి. ఇప్పుడు వాడు తండ్రితో మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 30 గడువు

ఇక తప్పినవాళ్లు. ఆ మెసేజ్ అసలు పుట్టింది వీళ్ల గురించిన భయంలోంచి. ఆ భయం ఉత్తిది కాదు. ప్రతి ఏడాదీ ఇంటర్ ఫలితాల మర్నాడు పేపరు తెరవాలంటే చెయ్యి ఆడదు. నోటికొచ్చినట్టు ఒక్క మాట అనేసి జీవితాంతం ఏడ్చే తల్లిదండ్రులు ఉన్నారు. అలాంటప్పుడు అడగొద్దు అని చెప్పడమే మేలు కదా అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ మా వాచ్‌మన్ కొడుకు విషయంలో జరిగింది చూశాక అట్లా అనుకోలేకపోతున్నాను.

ఆ పిల్లాడికి లెక్కల్లో 27 వచ్చాయి. మిగతావన్నీ గట్టెక్కాడు. అందరికీ ఎలాగో తెలిసింది, ఎవరూ ఏమీ అనలేదు. పాపం, బాధపడతారని. వాచ్‌మన్ గేటు దగ్గర ఎప్పట్లాగే కూర్చున్నాడు. పిల్లాడు గదిలోంచి బయటికి రాలేదు. అలా కొన్ని రోజులు గడిచాయి. మా అపార్ట్‌మెంటులో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఉన్నారు. వాట్సాప్ చూడని మనిషి. పాల ప్యాకెట్ కోసం కిందికి దిగి, అందరూ వింటుండగానే, "ఏమప్పా, మీవాని రిజల్టు ఏమైంది?" అన్నారు. మేమంతా బిగుసుకుపోయాం.

"పోయింది సార్, లెక్కలు" అన్నాడు వాచ్‌మన్.

"ఎన్నొచ్చినాయి?"

"ఇరవై ఏడంట సార్."

"ఎనిమిది మార్కులే కదప్పా! ఫీజు కట్టినారా?"

ఏ ఫీజు అన్నట్టు చూశాడు వాచ్‌మన్. సప్లిమెంటరీ మే 19 నుంచి ఉంటుందని, ఏప్రిల్ 30లోపు ఫీజు కట్టాలని, ఒకటి నుంచి మూడు సబ్జెక్టులకు నూటపది రూపాయలేనని, కావాలంటే పేపరు మళ్లీ లెక్కపెట్టించుకోవచ్చని, దానికి ఐదువందలని, అన్నీ ఆ గేటు దగ్గరే చెప్పారు. మధ్యాహ్నానికి పిల్లాడిని బడికి తోలించారు. ఆ తర్వాత సాయంత్రాలు వాడు సారింట్లో లెక్కలు చేస్తుంటే లిఫ్టు దగ్గరికి సారు గొంతు వినబడేది. ఆయన నెమ్మదిగా మాట్లాడే మనిషి కాదు. తిట్లు కూడా వినబడేవి.

ఆలస్య రుసుముతో గడువు ఉంటుందనుకోండి. బడివాళ్లు కూడా పిలిచి చెప్పాలి. కానీ తప్పిన పిల్లాడు బడి వైపు తొంగిచూడడు, తండ్రికి ఏ తేదీ ఎక్కడ చూడాలో తెలియదు, తెలిసిన మనమేమో మర్యాదగా మౌనంగా ఉంటాం. ఫలితాలకూ ఫీజు గడువుకూ మధ్య ఉన్నది ఒక్క వారం. ఎవరో ఒకరు నోరు తెరవాల్సిన వారం సరిగ్గా అదే. ఆ వారంలోనే అందరం నోరు మూసుకోవాలని తీర్మానించుకున్నాం.

జూన్‌లో సప్లిమెంటరీ ఫలితాలొచ్చాయి. వాడు పాసయ్యాడు. వాళ్లమ్మ బొరుగులు, బెల్లం పాకం పట్టి ఉండలు చేసింది. అందరిళ్లకూ పంచలేదు. హెడ్మాస్టరు సారింటికి, ఆయన చెప్పాక వాడి చదువు గురించి కనుక్కున్న రెండు మూడిళ్లకు మాత్రమే ఇచ్చింది. ఏప్రిల్‌లో మాట్లాడనివాళ్లు జూన్‌లో మాత్రం ఎందుకు తినాలి అనుకుందేమో. ఆమెను నేను అడగలేదు. 2022లో ప్రభుత్వం సప్లిమెంటరీలో పాసైనవాళ్లను కూడా రెగ్యులర్‌గా పాసైనట్టే చూస్తామని ప్రకటించినప్పుడు, మావాళ్లలోనే కొందరు "ఇంక తేడా ఏముంది" అని మూతి విరిచారు. ఒకసారి కిందపడి, ఊరంతా చూస్తుండగా నడిఎండల్లో మళ్లీ పుస్తకం తెరిచినవాడి పాసుకు తేడా ఉండాల్సిన మాట నిజమే. వాడిది కొంచెం ఎక్కువ.

అయితే హెడ్మాస్టరు సారు అడిగినట్టు అందరూ అడగలేరు. ఆయన అడిగిన ప్రశ్న వెనక ఫీజు ఉంది, సాయంత్రం లెక్కలు ఉన్నాయి. మనలో చాలామంది అడిగే ప్రశ్న వెనక మన పిల్లల మార్కులు ఉంటాయి. ఎదుటివాళ్ల అంకె వినగానే మనసులో తీసివేత చేసేస్తాం. ఆ తీసివేత ఆపుకోలేనివాళ్లు నిజంగానే ఫోను చేయకపోవడం మేలు, వాళ్ల వరకు ఆ మెసేజ్‌తో నాకు పేచీ లేదు. మరీ ముభావంగా, గది తలుపు వేసుకుని తిండి మానేసిన పిల్లాడి దగ్గర మార్కుల ఊసెత్తే పని కూడా లేదు. అక్కడ పక్కన మనిషి ఉండాలి, అవసరమైతే 14416కు ఫోను చేసి మాట్లాడించాలి. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్, తెలుగులోనే మాట్లాడతారు. దానికి కూడా, ఆ ఇంటి తలుపు ఎవరో ఒకరు తట్టాలి కదా.

ఆ రోజు నేను చేసింది పెద్ద పనేమీ కాదు. రాత్రి ఎనిమిదింటికి కింద పోర్షన్‌కు పోయి, "ఫస్ట్ క్లాసొచ్చి స్వీటు పెట్టకుంటే ఎట్లా భాయ్?" అన్నాను. ఆయన మొహమాటపడ్డాడు. నానీ మాత్రం అల్లుడిని ఉర్దూలో నాలుగు కడిగేసింది. తొమ్మిదింటికి ఆయన స్కూటర్ తీశాడు. తెచ్చిన డబ్బాలు పట్టుకుని ఆ పిల్ల ఒక్కో తలుపూ కొట్టింది. "ఎన్నొచ్చినాయమ్మా?" అని ప్రతి ఇంట్లో అడిగారు. ఆ గొంతు మా అంతస్తు దాకా వినబడింది: "త్రీ నైంటీయెయిట్ అంకుల్. ఫస్ట్ క్లాస్."

మావాడి జాబితా

ఇదంతా రాస్తున్నానని మావాడికి చెప్పాను. వాడు ఈ ఏడాది పదికొచ్చాడు. చదివి, "బాగుందిగానీ అమ్మా, అందరూ ఆ హెడ్మాస్టర్ సార్‌లా అడగరు కదా. నువ్వు అడగమని రాస్తే మన చుట్టాలు నీ పేరు చెప్పుకుని అడుగుతారు" అన్నాడు. అది నిజమే. ఈ వ్యాసం వాళ్లలో ఎవరైనా చదివితే మొదటి ఫోను మా ఇంటికే వస్తుంది.

బేరమాడుకున్నాం. ఎన్నొచ్చినా సరే, పాసైతే గువ్వలచెరువు పోయి కోవా తెస్తాం. తప్పితే మర్నాడే ఫీజు కడతాం, ఏ రోజు ఎవరికి చెప్పాలో వాడే చెబుతాడు. ఎవరు అడగొచ్చో ఎవరు అడగకూడదో కూడా వాడి ఇష్టమే. అడగకూడనివాళ్ల జాబితా అప్పుడే రాసిచ్చాడు. దానిలో మొదటి పేరు మా పెద్దక్కది. ఆమెకు ఈ సంగతి ఎవరు చెప్పాలన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. మా ఆయన, "మీ అక్క కదా" అంటున్నాడు.